రేవు వెనక వీధిలో నీలిగీత

తీర రక్షణ కార్యాలయంలో ప్రచారం పని చూసే ఆమెకి ఆఫీసు తలుపు మీద పొడుగాటి హోదా ఒకటి రాసి ఉంది. రేవు వెనక వీధిలో మాత్రం ఆ హోదా ఎవరికీ పట్టదు. అక్కడ ఆమె టైలరమ్మ చెల్లెలు, అంతే. కనక మనమూ చెల్లెలనే అనుకుందాం.

ఉప్పెన వస్తే ఏం చేయాలో, సముద్రం ఏటేటా ఎలా ముందుకు జరుగుతోందో జనానికి చెప్పడం ఆమె ఉద్యోగం. చెప్పడంలో ఆమె లోటేమీ చేయలేదు. కరపత్రాలు వేయించింది, పోస్టర్లు అంటించింది, బడిపిల్లల చేత బొమ్మలు గీయించింది, మైకు కట్టిన వ్యానులో తిరిగి తిరిగి గొంతు పోగొట్టుకుంది. జనం కూడా ఏనాడూ ఆమెని కసురుకోలేదు. పోస్టరు మీద అల బొమ్మ చాలా బాగుందని మెచ్చుకునేవాళ్ళు. ఇంకోటి ఉంటే ఇమ్మని అడిగేవాళ్ళు, గోడ పెచ్చులూడిన చోట అంటించుకోవడానికి. కరపత్రాలైతే అక్క కొట్లో కాలర్లకి కొలత కాగితాలయ్యాయి.

"మందంగా ఉంటుందే ఆ కాగితం, కత్తెరకి భలే లొంగుతుంది. వచ్చేసారి ఇంకాస్త పెద్ద సైజులో వేయించు" అని అక్క సలహా కూడా ఇచ్చింది.

అక్క వీధికి దిగువ చివర బట్టలు కుట్టే కొట్టు నడుపుతుంది. బావ పడవ ఇంజన్లు బాగుచేస్తాడు. ఇంజన్ల మోతకి ఆయన చెవులు సగం పోయాయని, మిగతా సగం పెళ్ళయ్యాక తనే మూసుకున్నాడని వీధిలో అనుకుంటారు.

ఒకరోజు ఆఫీసులో డైరెక్టరు మీటింగు పెట్టాడు. ఆయన మంచివాడే గానీ, ఆయనకి 'స్పందన' అనే మాటంటే మహా మోజు. ఏ కాగితం తీసినా, ఏ ఫోను ఎత్తినా అందులో స్పందన కోసం వెతుకుతాడు.

"మనం చెప్పేది జనం వింటున్నారా?" అని అడిగాడు.

"వింటున్నారండీ" అంది చెల్లెలు.

"విని?"

"విని, మనం పెట్టిన టీ తాగి, ఇంటికెళ్తున్నారండీ."

డైరెక్టరు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. ఆయన కళ్ళజోడు తీశాడంటే ఎవరో ఒకరు ఏదో ఒకటి చెప్పి తీరాలి. అలా ఆ క్షణాన, నోటికొచ్చింది చెప్పాలి గనక, చెల్లెలు నీలిగీత సంగతి చెప్పింది. పెద్ద ఉప్పెన వస్తే నీళ్ళు ఎంత ఎత్తున నిలుస్తాయో సర్వేవాళ్ళ దగ్గర లెక్క ఉంది. ఆ ఎత్తు కాగితం మీద చదివితే ఎవరి బుర్రకీ ఎక్కదు. అదే ఎవరి గోడ మీద వాళ్ళకి గీత గీసి చూపిస్తే?

"స్పందన ఉంటుందంటావా?"

"ఉండొచ్చండీ."

ఉంది. ఆ సంగతి చెల్లెలికి పెయింటరు డబ్బా మూత పెట్టకముందే తెలిసొచ్చింది.

రేవు వెనక వీధి చూడటానికి చదునుగానే ఉంటుంది. కానీ మంగలి కొట్టు ఉన్న ఎగువ కొస నించి టైలరమ్మ కొట్టు దాకా తెలియకుండానే దిగుతుంది. సైకిలు మీద పోయేవాళ్ళు అటు వెళ్ళేటప్పుడు తొక్కరు, ఇటు వచ్చేటప్పుడు ఆయాసపడతారు. అంతకుమించి ఎవరూ దాన్ని పట్టించుకోలేదు. నీళ్ళు మాత్రం పట్టించుకుంటాయి. సర్వేవాళ్ళు ఇచ్చిన గుర్తుల ప్రకారం గీస్తే, మంగలి గోడ మీద గీత చీలమండ దగ్గరుంది. కిరాణా కొట్టు దగ్గర మోకాలు. రిటైరైన హెడ్మాస్టరు గారింటి దగ్గర తొడ. అక్క కొట్టు దగ్గరికి వచ్చేసరికి సరిగ్గా గుండెల మీదికొచ్చింది. కొట్లో వేలాడుతున్న బడి చొక్కాల మీంచి, కుట్టుమిషన్ల మీంచి, అద్దం నడిమధ్య నించి పోయినట్టు, గోడ మీద ఆ చివర నించి ఈ చివరికి నిగనిగలాడుతూ నిలబడింది.

అక్క బయటికొచ్చి చూసింది. గీతని చూసింది, తన ఎత్తు చూసుకుంది, చెల్లెల్ని చూసింది.

"ఇదేంటే?"

"నీళ్ళు అక్కడిదాకా వస్తాయక్కా, పెద్ద ఉప్పెన వస్తే."

"మరి మంగలాయనకి?"

"చీలమండ దాకా."

అసలు తంటా అక్కడే వచ్చింది. నీళ్ళు వస్తాయన్నందుకు అక్కకి కోపం రాలేదు. మంగలాయనకి తక్కువ వస్తాయన్నందుకు వచ్చింది. ఆ ఇద్దరికీ మధ్య పాత పేచీ. కొట్టు ముందు ఊడ్చిన జుట్టు గాలికి ఎగిరి తన కొట్లో తెల్లబట్టల మీద పడుతుందని అక్క అంటుంది, వీధి మొత్తం దాటి అంతదూరం ఎగిరే జుట్టు ఇంకా పుట్టలేదని ఆయన అంటాడు. ఇప్పుడాయన గడ్డం గీయించుకోడానికి వచ్చిన ప్రతివాడికీ గోడ చూపించి, "కాళ్ళు కడుక్కోడానికి సరిపోతాయి, అంతే" అని చెప్పి మురిసిపోతున్నాడు.

"రెండు జానలు తగ్గించు" అంది అక్క.

"ఎలా తగ్గిస్తానక్కా? అది సర్వే లెక్క."

"నువ్వు నా చెల్లెలివి కాదూ? ఆ మాత్రం సాయం చేయలేవా?"

"నేను నీకు చెల్లెల్ని గానీ సముద్రానికేమైనా చుట్టాన్నా?"

అక్క లోపలికెళ్ళి మిషను తొక్కడం మొదలుపెట్టింది. ఏ బట్టా లేకుండానే తొక్కింది. అంటే మాటలు బంద్ అని అర్థం.

ఆ వారంలో ఆఫీసుకి వచ్చినంత స్పందన ఆ ఆఫీసు పుట్టాక ఎన్నడూ రాలేదు. తన గోడ అందం పాడైందని ఒకరు, తన ఇంటి గీత వంకరగా ఉందని ఇంకొకరు, పక్కింటి గీత కంటే తన గీత పల్చగా వేశారని మరొకరు. తన ఇంటికి గీత ఎందుకు వేయలేదని ఎగువ సందు నించి ఒకావిడ వచ్చి గొడవ పెట్టుకుంది. మీ సందు ఎత్తులో ఉంది, మీకు నీళ్ళు రావమ్మా అంటే, "మేమంటే అంత చులకనా" అని కళ్ళొత్తుకుంది. డైరెక్టరు ఫోను ఎత్తడం మానేశాడు.

అన్నిటికంటే పెద్ద ఇబ్బంది మాత్రం చెల్లెలికి ఒక పొద్దున కంటపడింది. అక్క కొట్టు ముందు నించి వెళ్తూ చూసేసరికి, గుండెల ఎత్తున ఉండాల్సిన గీత లేదు. దాని బదులు చీలమండ దగ్గర, మంగలాయన గీతకంటే కూడా ఒక వేలు కిందకి, కొత్త నీలిగీత ఒకటి మెరుస్తోంది. పాతచోట వేసిన సున్నం ఇంకా తడి ఆరలేదు. కొట్టు ముందు కూచున్న బావ చేతులకి నీలం. ముక్కు మీద కూడా కొంచెం నీలం.

"బావగారూ, ఏంటిది?" అంది చెల్లెలు.

"బాగానే ఉన్నానమ్మా" అన్నాడు బావ.

చెల్లెలు ఆ పూటే సర్వేవాళ్ళకి చెప్పి గీతని సరిచేయించి ఉండాలి. చేయించలేదు. అక్కతో మాటలు లేక అప్పటికే ఇంట్లో ముద్ద దిగడం లేదు. వాళ్ళిద్దరికీ తల్లీ తండ్రీ లేరు, పెద్దదై పెంచింది అక్కే. రేపు చూద్దాం, ఎల్లుండి చూద్దాం అని దాటేసింది. అటుగా వెళ్ళాల్సి వస్తే వెనక దారిన వెళ్ళింది. తోటివాళ్ళడిగితే "ఆ వీధిలో అంతా సవ్యంగానే ఉంది" అంది. అబద్ధం చెప్పినప్పుడు ఆమెకి ముందు చెవులు ఎర్రబడతాయి. ఆ వారం అంతా జుట్టు వదులుగా దువ్వుకుని చెవులు కప్పుకుని తిరిగింది.

చివరికి మంగలాయన ఆఫీసుకే వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, చంకలో గొడుగు పెట్టుకుని, వరండాలో అందరూ వినేటట్టు అడిగాడు.

"అమ్మా, నాకు తెలీక అడుగుతున్నా. ఎగువనున్న మా కొట్లోకి నీళ్ళు వచ్చి, దిగువనున్న మీ అక్క కొట్లోకి అంతకంటే తక్కువ ఎలా వస్తాయి? టైలరమ్మ కొట్టు కదా అని సముద్రం మొహమాటపడుతుందా?"

వరండాలో నవ్వని వాళ్ళు లేరు. చెల్లెలి చెవులు ఎర్రబడ్డాయి, ఈసారి జుట్టు కూడా దాచలేకపోయింది.

"మీరన్నది నిజమేనండీ" అంది. "తప్పు నాది. చూసి కూడా ఊరుకున్నాను."

మంగలాయన ఇంకా చాలా మాటలు సిద్ధం చేసుకుని వచ్చాడు. ఎదురు లేకుండా ఒప్పుకునేసరికి వాటినేం చేయాలో తోచక గొడుగు ఇటు మార్చాడు, అటు మార్చాడు.

"అదే, అదే నేననేది" అన్నాడు.

"రేపు సాయంత్రం వీధిలో అందరి ముందూ కొలుద్దాం. మీరూ ఉండండి."

"ఆ మూడు కాళ్ళ సర్వే పెట్టెతోనా? అందులో కన్ను పెట్టి వాళ్ళేం చూశారో ఎవడికి తెలుసు?"

"దాంతో కాదు. నీళ్ళతోనే కొలుద్దాం."

మర్నాడు ఆమె ఇల్లు కట్టే మేస్త్రీ దగ్గర్నించి మట్టం చూసే ప్లాస్టిక్ గొట్టం తెచ్చింది. లోపలున్నది బయటికి కనబడే గొట్టం అది, చాలా పొడుగ్గా ఉంటుంది. అందులో నీళ్ళు నింపి రెండు కొసలూ రెండు చోట్ల పట్టుకుంటే, రెండు చోట్లా నీళ్ళు ఒకే మట్టాన నిలుస్తాయి. ఇందులో చదువుకున్నవాడి గొప్పా, చదువుకోనివాడి గొప్పా ఏమీ లేదు. నీళ్ళు ఎవరి మాటా వినవు, అంతే.

సాయంత్రానికి వీధి వీధంతా కుర్చీలు వేసుకుని కూచుంది. డైరెక్టరు కూడా వచ్చాడు. గీతలన్నీ సున్నం కొట్టించేసి చేతులు దులుపుకుందామన్న ఉద్దేశంతో వచ్చాడాయన. జనాన్ని చూసి, "ఇంత స్పందనా" అనుకుని, ఉద్దేశం జేబులోనే ఉంచుకున్నాడు.

మంగలాయన ఒక కొస పట్టుకుని తన గోడ గీతకి ఆనించాడు. నీళ్ళు తగ్గినప్పుడల్లా మళ్ళీ గీత దాకా పోయడానికి పక్కన ఒక కుర్రాడు చెంబుతో నిలబడ్డాడు. రెండో కొస ఎవరు పట్టుకుంటారని చెల్లెలు అడిగితే ఎవరూ లేవలేదు. చెల్లెలు నేరుగా కొట్లోకి వెళ్ళింది. అక్క తల ఎత్తకుండా గుండీలు కుడుతోంది.

"అక్కా, నువ్వే పట్టుకో."

అక్క ఇంకో గుండీ తీసుకుంది.

"వేరేవాళ్ళు పట్టుకుంటే నువ్వు నమ్మవు. నీ చేత్తో నువ్వే పట్టుకుని చూడు. నీళ్ళు కిందనే నిలిస్తే కింది గీతే ఉంచేద్దాం, నేను మళ్ళీ మాట్లాడను."

అక్క సూది చొక్కాకి గుచ్చి లేచింది. అలా అందరూ చూస్తుండగా అడిగితే లేవకుండా ఎలా ఉంటుంది. బయటికొచ్చి గొట్టం అందుకుని, మంగలాయనకేసి ఒక్క చూపు చూసి, కొసని చీలమండ దగ్గరికి దించింది. గొట్టంలోంచి నీళ్ళు బుడుంగుమని పొంగి ఆమె పాదాల మీద పోశాయి.

"పైకెత్తు" అన్నారు నలుగురు.

మోకాలి దాకా ఎత్తింది. చీర కుచ్చిళ్ళు తడిశాయి. నడుం దాకా ఎత్తింది. నీళ్ళు ఇంకా కారుతూనే ఉన్నాయి.

"నువ్వు గొట్టం పైకెత్తుతున్నావా?" అని అక్క వీధి ఆ చివరికి అరిచింది.

"నా చెయ్యి గీత మీదే ఉంది తల్లీ, కావాలంటే వచ్చి చూసుకో" అని ఆయన కూడా అంతే గట్టిగా అరిచాడు.

హెడ్మాస్టరు గారు వెళ్ళి చూసి వచ్చి, చెయ్యి గీత మీదే ఉందన్నారు. అక్క గొట్టాన్ని గుండెల దాకా ఎత్తింది. అప్పుడు ఆగాయి నీళ్ళు. కొంచెంసేపు అటూ ఇటూ ఊగి, గొట్టంలో స్థిరంగా, సున్నం కింద మసకగా కనిపిస్తున్న పాత గీతకి సరిగ్గా ఎదురుగా నిలబడ్డాయి.

అక్క గొట్టంలో నీళ్ళనీ, ఆ ఎత్తునే కొట్టు లోపలికీ చూసింది. మిషన్లు. బట్టల కట్టలు. కుట్టి మడతపెట్టిన బడి చొక్కాల దొంతరలు. అన్నీ ఆ మట్టానికి కిందే ఉన్నాయి.

"అయితే మిషన్లెక్కడ పెట్టాలే?" అంది.

ఇన్నేళ్ళుగా చెల్లెలు మైకులో అరిచినా, పోస్టర్లంటించినా, ఒక్కరు కూడా ఆమెని అడగని ప్రశ్న అది. జవాబు ఆమె దగ్గర ఎప్పుడో సిద్ధంగా ఉంది. "గీతకి పైన, అటక మీద" అంది.

ఈలోగా మంగలాయన ఊరుకున్నాడా, "ఇక కిరాణా కొట్టు కొలవండి" అన్నాడు. కొలిచారు. కిరాణాయన కూడా ఎవరికీ తెలియకుండా జానెడు తగ్గించుకున్నాడని తేలింది. అక్కడితో ప్రతివాడికీ పక్కవాడి మీద అనుమానం పుట్టి, గొట్టం ఇంటింటికీ తిరిగింది. గీత పైన ఏముంది, కింద ఏముంది అని ఒకళ్ళ ఇళ్ళలోకి ఒకళ్ళు దూరి మరీ చూశారు. హెడ్మాస్టరు గారిల్లు కొలిచేసరికి అందరికీ మతిపోయింది. తొడ దగ్గర ఉండాల్సిన గీత ఆయన తలకంటే ఎత్తునుంది.

"మాస్టారూ, అందరూ తగ్గించుకుంటే మీరు పెంచుకున్నారేంటండీ?" అని అడిగింది చెల్లెలు.

ఆయన ఆమెని పక్కకి తీసుకెళ్ళి గొంతు తగ్గించాడు. "మా అల్లుడు ఈ ఇల్లు తన పేర రాయమని ప్రాణం తీస్తున్నాడమ్మా. గీత చూశాక అడగడం మానేశాడు. నీకు పుణ్యముంటుంది, వచ్చే నెల దాకా ఉండనివ్వు."

చెల్లెలు ఉండనివ్వలేదు. ఆయన వారం రోజులు ఆమెని చూసి ముఖం తిప్పుకున్నాడు.

ఆ తరవాత పని దానంతటది జరిగింది. బావ కొట్లో గీతకి పైన దళసరి చెక్కలతో అటక కొట్టాడు. మిషన్లు పైకి లాగడానికి ఇంజన్లు ఎత్తే గొలుసుచక్రం ఒకటి బిగించాడు. కిరాణాయన బస్తాల కింద ఎత్తు బల్లలు వేశాడు. మంగలాయన తనకి అవసరం లేకపోయినా, టైలరమ్మ కొట్లో అటక కంటే ఒక బెత్తెడు ఎక్కువ ఎత్తులో తనూ ఒకటి కొట్టించాడు. హెచ్చరిక వస్తే ఎవరు ఎవరిని తీసుకుని బడి మేడ మీదికి వెళ్ళాలో కూడా మాట్లాడుకున్నారు. బావకి సైరను వినపడదు కనక ఆయన్ని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళే బాధ్యత మంగలాయన మీద పడింది. అక్క దానికి ఒప్పుకోవడమే పెద్ద విశేషం.

వానలు వెనకబడ్డ రోజుల్లో ఒక మధ్యాహ్నం ఉప్పెన హెచ్చరిక వచ్చింది. సైరను మోగింది. చెల్లెలు వ్యానులో ఆ వీధికి వచ్చేసరికి అక్కడ మైకుతో పని పడలేదు. అప్పటికే మిషన్లు గొలుసులకి వేలాడుతూ అటకెక్కుతున్నాయి. మంగలాయన బావ చెయ్యి పట్టుకుని నడుస్తూ ఆయన చెవి దగ్గర ఏదో అరుస్తున్నాడు. బావ అన్నిటికీ తలూపుతున్నాడు. చీకటి పడకముందే వీధి మొత్తం బడి మేడ మీద ఉంది. సముద్రం రాత్రికి వచ్చి, తెల్లారేసరికి వెళ్ళిపోయింది. అక్క కొట్లో మోకాటి లోతు నిలిచింది. మంగలాయన కొట్టు గడప కూడా తడవలేదు.

ఎవరికీ ఏమీ కాలేదు. మర్నాడు చెల్లెలు వీధిలోకి వస్తే దండలేమీ వేయలేదు సరిగదా, కిరాణాయన బురదలో నిలబడి నిలదీశాడు.

"మీ గీత తప్పండీ. మోకాలన్నారు, వేలెడు రాలేదు. అనవసరంగా బస్తాలన్నీ ఎత్తించారు."

"నిజమే, మాకూ తొడ అన్నారు" అన్నారు హెడ్మాస్టరు గారు, నష్టపోయినవాడిలాగ.

చెల్లెలు నోరు తెరిచే లోపల అక్క చీపురు పట్టుకుని బయటికొచ్చింది.

"గీత పెద్ద ఉప్పెనకి. ఇది చిన్నది. చెప్పింది కదా అది, మైకులో గొంతు పోయేలా చెప్పింది కదా. అప్పుడు మీరు చెవులెక్కడ పెట్టుకున్నారు? బస్తాలు తడవలేదని ఏడుస్తావేంటయ్యా, తడిపి ఇమ్మంటావా?"

కిరాణాయన తన కొట్లోకి తను వెళ్ళిపోయాడు. అక్క చెల్లెలి చేతిలో ఇంకో చీపురు పెట్టింది.

"నిలబడి చూస్తావేంటి? పట్టు."

ఇద్దరూ కొట్లో బురద తోశారు. చాలాసేపు నీళ్ళు పోస్తూ, తోస్తూ, మళ్ళీ పోస్తూ. బావ గొలుసు మీద మిషన్లు ఒక్కొక్కటే దించబోతుంటే అక్క సైగ చేసి ఆపింది. చీపురు మీద గడ్డం ఆనించి, గొంతు తగ్గించి అడిగింది.

"గీత దాకా నిజంగా వస్తుందా?"

"వస్తుందక్కా."

"ఎప్పుడు?"

"తెలీదు. వచ్చే ఏడాది కావచ్చు. నువ్వు ముసలిదానివయ్యాక కావచ్చు. ఒకసారి వచ్చాక మళ్ళీ మళ్ళీ రావచ్చు."

అక్క కోప్పడుతుందనుకుంది చెల్లెలు. కోప్పడలేదు.

"ఈ కొట్టు పెట్టినప్పుడు నువ్వు ఆ మూల బట్టల మూట మీద నిద్రపోయేదానివి" అంది. కొంగుతో చేతులు తుడుచుకుంది. "ఎగువ సందులో, ఏడ్చిందన్నావే ఒకావిడ, గీత వేయలేదని. ఆవిడింట్లో పై గది ఖాళీగా ఉందట."

"మెట్లెక్కగలవా?"

"నేనెక్కగలను. కొలతలివ్వడానికొచ్చే ముసలమ్మలు ఎక్కగలరా అని చూస్తున్నా." మెడలో టేపు సర్దుకుంది. "పద, ఆ మెట్ల దగ్గర మలుపు ఎంత వెడల్పుందో కొలుద్దాం. కత్తిరింపుల బల్ల అందులో తిరగాలి."

ఇద్దరూ బురద కాళ్ళతోనే బయల్దేరారు. బల్ల ఆ మలుపులో తిరగదని తేలింది. దాని కాళ్ళు ఊడదీసి ఎక్కించాలా, కిటికీలోంచి తాడు కట్టి లాగాలా అని ఆ మెట్ల మీదే నిలబడి సాయంత్రం దాకా వాదించుకున్నారు. ఇంటావిడ రెండుసార్లు టీ ఇచ్చింది.